బొగ్గుగని పనివారి హక్కులు: ఉత్సర్గాపవాద విచారము

శాస్త్రమున విధులు రెండు తెఱఁగులు. ఎల్లయెడలఁ బ్రవర్తించునది ఉత్సర్గము. కొన్నియెడల దానిని బాధించునది అపవాదము. అపవాదమునకు విషయమైన చోటును విడిచిపెట్టి తక్కినచోట్లనే యుత్సర్గము ప్రవర్తించునని వైయాకరణుల సిద్ధాంతము. శబ్దములయందు ఈ న్యాయము నిరాక్షేపమైనది. ఏలయన శబ్దమునకు ఆఁకలి లేదు, ఆలుబిడ్డలు లేరు. మనుష్యులకు ధర్మము విధించునపుడు మాత్రము, అపవాదముగా నిలుపఁబడినవా రెవరు, నిలిపినవా రెవరు అను ప్రశ్న పుట్టక మానదు.

బ్రిటనుదేశపు బొగ్గుగని పనివారల చరిత్రము మున్నూఱేండ్లకుఁ బైగా ఈ ప్రశ్నచుట్టునే తిరిగినది. వారు పోరాడి సాధించిన హక్కులను ఒక్కొక్కదానిని పరిశీలించినచో నందుఁ గ్రొత్తవరము లంతగాఁ గానరావు. తన దేహము తనది యగుట, తన సరకు తూఁచునపుడు తాను చూచుట, పనిదినమున కొక మేర యుండుట, చేసిన పనికి బ్రదుకుటకుఁ జాలినంత కూలి దొరకుట: ఇవి యెల్లవారును కోరు సామాన్యధర్మములు. ఈ సామాన్యమునుండి గనివారిని వేఱుపఱచిన అపవాదమును తొలఁగించుటయే వారి పోరాటము. తొలఁగిన అపవాదము వేఱొక రూపమున మఱల వచ్చుచుండుటచే ఆ పోరాట మంత దీర్ఘమయ్యెను. ఆ క్రమమును స్కాట్లండు దాస్యము మొదలుకొని నిరూపించుట యీ వ్యాసమునకు విషయము.

1. దాస్యము

స్కాట్లండు పార్లమెంటు 1606లో బొగ్గు త్రవ్వువారిని, ఉప్పు వండువారిని గూర్చి యొక శాసనము చేసెను. సముద్రజలమును కాఁచి యుప్పు తీయుటకు బొగ్గే వంటచెఱకు గావున ఆ రెండువృత్తులును నాఁడు ఒక్క యజమానునిక్రింద కూడియుండెను. పూర్వపు యజమానుఁ డిచ్చిన అనుమతిపత్రము లేనిదే యీ పనివారిని మఱియెవ్వరును పనిలోఁ బెట్టుకొనరాదని యా శాసనము. పెట్టుకొన్నచో, పూర్వపుయజమానుఁడు ఏఁడాదిమీఁద నొకదినములోపల అడిగినయెడల ఇరువదినాలుగు గంటలలో పనివానిని అప్పగింపవలెను; అప్పగింపనివాఁడు నూఱుపౌనుల అపరాధము చెల్లింపవలెను. అనుమతి లేక వెడలిపోయి క్రొత్తయజమానునియొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొన్న పనివాఁడు దొంగగా నెంచఁబడి దేహదండనకుఁ బాత్రుఁ డగును. అతఁడు దొంగిలించిన ద్రవ్య మేదియని విచారించినచో అతని దేహమే! పనిపాటలు లేక తిరుగువారిని పట్టి గనులలోఁ బెట్టు నధికారమును ఈ శాసనమే యజమానుల కిచ్చెను. 1641లో దీనిని గనిలోని యితరపనివారికిని వ్యాపింపఁజేసిరి. 1661లో మఱల స్థిరపఱచిరి.

ఈ శాసనమున దాస్య మను పదము లేదు. ఒక్క అనుమతిపత్రమునుగూర్చిన నియమము మాత్రమే యున్నది. ఐనను ఆ పత్ర మిచ్చుటయు మానుటయు యజమానుని యిచ్ఛకు విడువఁబడుటచే, పనివాఁడు యావజ్జీవము ఒక్క గనికే కట్టుపడెను. గని యమ్ముడువోయినపుడు యంత్రములతోడను గుఱ్ఱములతోడను అతఁడును క్రొత్తయజమానుని వశమగుచుండెను. శిశువులకు బాప్తిస్మము జరుగునపుడు యజమానుఁడు తలిదండ్రులకుఁ గొంత సొమ్ము కానుకగా నిచ్చు నాచార మొకటి యుండెను. దానికి ఆ దేశమున ఆర్లు అని పేరు. తెలుగునాట బేరమునందు ఇచ్చు సంచకరువువంటి దది. సంచకరువు పుచ్చుకొన్న సరకు నన్యునకు అమ్మరానట్లే, ఆ కానుక పుచ్చుకొన్న యింటి బిడ్డయు పెరిగి పెద్దవాఁడై మఱియొకచోటఁ బనికిఁ బోరాదు.

ప్రజలను అక్రమముగా చెఱఁబెట్టరాదని 1701లో స్కాట్లండున మఱియొక శాసనము పుట్టెను. ఆ దేశస్థుల స్వేచ్ఛకు నది యాధారస్తంభముగా నెన్నఁబడుచున్నది. అందులోనే, ఇది బొగ్గువారికిని ఉప్పువారికిని వర్తింపదని స్పష్టముగాఁ జెప్పఁబడినది. ఉత్సర్గమును దాని యపవాదమును ఒక్కపత్రమునందే చేరియున్న యీ శాసనమును మించిన యుదాహరణము దొరకుట యరిది.

పనివా రీ స్థితిని ఎఱుఁగనివారు గారు. 1769లో ఫైఫు ప్రాంతమున వీమ్సు గ్రామమునందు, వెస్టిండీసునుండి తేఁబడిన యొక ఆఫ్రికావంశపు దాసుఁడు బాప్తిస్మము పొంది, డేవిడు స్పెన్సు అను పేరు ధరించి, తాను ఇఁక నెవ్వరికిని దాసుఁడు గానని యజమానునకుఁ దెలిపెను. అతనిని నిర్బంధింపఁగా వ్యాజ్యము నడచెను. ఆ వ్యాజ్యపు వ్యయమునకు ధనము కూడఁబెట్టినవారిలో ఆ ప్రాంతపు బొగ్గువారును ఉప్పువారును ఉండిరి. 1770లో, తీర్పునకు మున్నే, యజమానుఁడు మరణించుటచే స్పెన్సు విముక్తుఁడయ్యెను. 1778లో జోసెఫు నైటు అను మఱియొక దాసుని వ్యాజ్యమున, జమైకాదేశపు దాస్యధర్మము స్కాట్లండున చెల్లదని యచటి యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. పరదేశమునుండి వచ్చిన దాసుఁ డట్లు స్వతంత్రుఁ డగుచుండఁగా, ఆ విముక్తికి ధనసహాయము చేసినవారు మాత్రము స్వదేశమున నింకను బద్ధులై యుండిరి.

1775లో బ్రిటిషు పార్లమెంటు వీరి విముక్తికై చట్టము చేసెను. స్వతంత్రదేశమున నిట్టి దాస్య మొక కళంకమని యందొక హేతువు; విముక్తిచేత పనివారి సంఖ్య పెరిగి లాభము గలుగునని మఱియొక హేతువు. క్రొత్తగా పనిలోఁ జేరువారు స్వతంత్రులే. ఉన్నవారికి మాత్రము వయస్సునుబట్టి గడువులు: ఇరువదియొక్క యేండ్లలోపువారికి ఏడేండ్లు, ముప్పదియైదులోపువారికి పదియేండ్లు, అంతకు మించి నలువదియైదులోపువారికి ఏడేండ్లు, ఆపైవారికి మూఁడేండ్లు. గడువు తీఱినంతనే స్వాతంత్ర్యము దానంతట రాదు. పనివాఁడు షెరీఫు న్యాయస్థానమున అర్జీ పెట్టి తీర్పు పొందవలెను. వ్రాయనేరనివాఁడు, యజమానునియొద్ద అప్పుపడినవాఁడు న్యాయస్థానపు మెట్లెక్కుట యెట్లు? పెక్కురు ఎక్కలేదు. ఇరువదినాలు గేండ్లు గడచినపిమ్మట 1799లో పార్లమెంటే యింకను బద్ధులైనవారు పెక్కురున్నారని యొప్పుకొని, అర్జీతోను గడువుతోను పనిలేకుండ నందఱను ఒక్కమాఱుగా విడిపించెను. స్వాతంత్ర్య మను విధి 1775లోనే పుట్టినది; దానిని ప్రవర్తింపనీయక యడ్డుకొన్న నియమము 1799లోఁ దొలఁగినది. ఈ రెంటి నడుమ నున్న యెడమే యీ చరిత్రమునకు మూలసూత్ర మనవచ్చును.

2. ఏఁటి ముచ్చలిక

ఇంగ్లండున గనివారికి స్కాట్లండునందువలె పుట్టుదాస్యము లేదు. నార్తంబర్లండు, డర్హాము సీమలలో ఏఁటేఁట నొక ముచ్చలిక యుండెను. పనివాఁడు కొంత సొమ్ము పుచ్చుకొని, సంతకము చేయనేరనివాఁడు గీఁటు పెట్టి, ఆ యేఁడు నొక గనికిఁ గట్టుపడును. తప్పి పోయినవానికి చెఱసాల. యజమానుఁడు మాత్రము ఏఁడాది పొడవున పని యిచ్చి తీరవలె నను నియమము లేదు.

1765లో గనుల యజమానులు తమలోఁ దాము కూడి, పూర్వపు యజమానుఁ డిచ్చిన విడుదలపత్రము లేనివానిని పనిలోఁ బెట్టుకొనరాదని కట్టు చేసికొనిరి. ఇది 1606 నాఁటి స్కాట్లండు శాసనమునకుఁ బ్రతిబింబము. పనివారు వెంటనే దాని భావమును గ్రహించి గనులు విడిచి సమ్మె చేసిరి, యజమానులు వెనుదీసిరి. 1810లో ముచ్చలిక వ్రాయుకాలమును మార్పఁజూచినపుడు మఱల సమ్మె జరిగెను. పట్టుపడినవారితో చెఱసాల నిండిపోఁగా మిగిలినవారిని డర్హాము బిషప్పుగారి గుఱ్ఱపుసాలలో నుంచిరి.

1831లో థామసు హెప్బరను నాయకత్వమున నీ రెండుసీమల పనివారు సంఘముగాఁ గూడి సమ్మె చేసి, బాలుర పనిదినమును పండ్రెండు గంటలకు తగ్గించుకొనిరి. మఱుసటియేఁడు యజమానులు సంఘమున నున్నవారికి పని యియ్యమని పట్టుపట్టి సంఘమును విఱిచిరి. హెప్బరనునకు ఏ గనిలోను పని దొరకలేదు. చాలకాలము ఇడుమలు పడినపిమ్మట, సంఘముజోలికిఁ బోనను కట్టుబాటుమీఁద ఫెల్లింగు గనిలో అతనికి చోటు దొరకెను. చట్టమున నపవాద మేమియు వ్రాయకయే యొక మనుష్యుని సామాన్యధర్మమునుండి వెలివేయవచ్చునని దీనివలనఁ దేలుచున్నది.

1842లో వేక్ఫీల్డున దేశవ్యాప్తమైన గనివారి సంఘ మొకటి స్థాపింపఁబడినది. విలియము ప్రౌటింగు రాబర్ట్సు అను న్యాయవాది పనివారి పక్షమున నూరూరను వ్యాజ్యములు నడపెను. 1844 ఏప్రిలులో ముచ్చలికగడువు తీఱఁగానే నార్తంబర్లండు, డర్హాము పనివారు క్రొత్తముచ్చలిక వ్రాయక సమ్మెకుఁ దొడఁగిరి. ఇండ్లు గనుల యజమానులవి గావున వేలకొలఁది కుటుంబములను వెడలఁగొట్టిరి. మంచములు, కుండలు త్రోవప్రక్కఁ బెట్టుకొని వారు చేలగట్లమీఁద కాపురముండిరి. లండన్‌డెఱ్ఱీ ప్రభువు సీహాము పట్టణపు వర్తకులకు, సమ్మెవారికి అప్పు పెట్టినవారు తన ద్వేషమునకుఁ బాత్రులగుదురని హెచ్చరిక పంపెను. ఐర్లండునుండి క్రొత్తవారిని రప్పించిరి. వేసవి గడచువఱకు నిలిచి యా సమ్మె యోడిపోయెను. ముచ్చలిక మాత్రము మఱి యిరువదియెనిమి దేండ్లు జీవించి, 1869లో స్థాపింపఁబడిన డర్హాము గనివారి సంఘము బలపడినపిమ్మట 1872లో నశించెను.

3. స్త్రీలు, బాలురు

స్కాట్లండు గనులలో పురుషుఁడు త్రవ్విన బొగ్గును మోయుపని యతని భార్యది, కూఁతులది. బుట్ట వీఁపున వేసికొని, తలకుఁ బట్టె తగిలించుకొని, నిచ్చెనలమీఁదుగా పైకి మోయుచుండిరి. 1799లో పురుషులకు స్వాతంత్ర్యము వచ్చినను ఈ మోఁత తగ్గలేదు. 1808లో గనిశాస్త్రజ్ఞుఁడైన రాబర్టు బాల్డు స్కాట్లండు బొగ్గువ్యాపారమునుగూర్చి వ్రాసిన గ్రంథమున వీరి దుఃస్థితిని ప్రత్యేకించి విచారించెను. ముప్పదేండ్లకుఁ బైగా నా విచారమునకు ఫలము గలుగలేదు.

1838 జూలై 4వ తేదిని యార్కుషైరున సిల్కుస్టను సమీపపు హస్కరు గనిలోనికి కుండపోఁత వానకుఁ గాలువ పొంగి వచ్చి యిరువదియాఱుగురు పిల్లలు మునిఁగి మరణించిరి. వారిలో పదునొకండుగురు బాలికలు. అటుపిమ్మట యాష్లీ ప్రభువు ప్రయత్నమున 1840లో విచారణసంఘ మేర్పడి 1842లో నివేదిక ప్రకటించెను. ఐదాఱేండ్ల పిల్లలు చీఁకటిలో నొంటరిగాఁ గూర్చుండి బండి వచ్చినపుడెల్ల తలుపు తెఱచి మూయుట, నడుమునకు పట్టెడ, కాళ్లనడుమ గొలుసు తగిలించుకొని నాలుగుకాళ్ల జంతువువలె పిల్లలును స్త్రీలును బొగ్గుబండ్ల నీడ్చుట, నివేదికయందు చిత్రపటములతోఁ బ్రకటింపఁబడినవి. చదువుకొన్నవారు ఉలికిపడిరి. ఆ యేఁడే వచ్చిన చట్టము స్త్రీలను, బాలికలను, పదేండ్లలోపు బాలురను గనిలోపలికి దింపరాదని శాసించెను.

ఐనను దేశమందలి గనులన్నిటికిని 1843లో నియమింపఁబడిన పరీక్షాధికారి హ్యూ సీమరు ట్రెమెన్‌హీరు ఒక్కఁడే. గనిలోపలి క్షేమమును పరీక్షించు నధికార మతనికి లేదు. పని పోయిన స్త్రీలకు మాఱుబ్రదు కేదియుఁ జూపఁబడలేదు. కావుననే కొన్నియెడల స్త్రీలు పురుషవేషముతో గనిలోనికి దిగుచుండిరి. ఇట దోషము చట్టము చేసినవారిదే కాదు. గనిపైభాగమున బొగ్గు ఏరు స్త్రీలను సయితము తొలఁగింపవలెనని 1887లో ప్రయత్నము జరిగినపుడు గనివారి సంఘములలోనివారే దానిని బలపఱచిరి. విగను ప్రాంతపు స్త్రీలు తమ పనిదుస్తులతో లండనునకుఁ బోయి మంత్రితో మొఱపెట్టుకొని యా పనిని నిలుపుకొనిరి. తమ్ము సామాన్యమునుండి వేఱుచేసినారని పోరాడినవారే మఱియొకరిని వేఱుచేయఁ జూచిరి. దీనిని దాఁచుట చరిత్రకారునకు ధర్మము గాదు.

4. తూకము

బొగ్గు కొట్టువానికి దినకూలి కాదు, కొట్టినంతకే కూలి. అతఁడు తొట్టి నింపి, తన గుఱుతుబిళ్ల దానికిఁ దగిలించి పైకి పంపును. తొట్టి తూఁగునది పైన. అతఁ డుండునది అడుగున. తూఁచువాఁడు యజమానుని నౌకరు. తొట్టి కొంత వెలితిగా నున్నను, బొగ్గుతో రాయి కలసినను ఆ తొట్టికంతకును కూలి లేదు. అందలి బొగ్గు మాత్రము యజమానుఁ డమ్ముకొనును. టన్నున కిరువది హండ్రెడువెయిట్లని దేశమంతట లెక్క యుండఁగా, ఇరువదిరెండును అంతకుఁ బైగాను నొక టన్నుగాఁ బట్టుకొన్న గనులును ఉండెను. సంతలో సేరు నెయ్యి కొనువాఁడు తూకము చూచును, అమ్మువాఁడును చూచును. తన చెమటను అమ్ముకొను గనివానికి మాత్రము ఆ చూపు లేదు. ఈ యపవాదము ఏ శాసనమునందును లేదు. గనిబావి లోఁతే దానిని కల్పించినది.

దీనిని తొలఁగింపఁ బూనినవారిలో ముఖ్యుఁడు అలెగ్జాండరు మాక్డొనాల్డు. అతఁడు 1821లో లానర్కుషైరునఁ బుట్టి యెనిమిదవయేఁట గనిలోనికి దిగెను. కూలిసొమ్ములో మిగిల్చుకొన్నదానితో గ్లాస్గో విశ్వవిద్యాలయమునఁ జదివెను. 1874లో థామసు బర్టుతోఁగూడ పార్లమెంటునకు ఎన్నికయ్యెను. కార్మికులలోనుండి యాసభకు మొదట వెళ్లినవారు వీరిరువురే. మాక్డొనాల్డు, అతని సహచరులు చేసిన యాందోళనమువలన 1860 చట్టమున నొక విధి చేరెను: తూకము చూచుటకు పనివారు తమ పక్షమున నొకని తమ వ్యయముతో నియమించుకొనవచ్చును.

విధి వచ్చినది, దానితోడనే యుపాధియు వచ్చినది. ఆ తూనికదారుఁడు ఆ గనిలోఁ బనిచేయువారిలోనివాఁడే కావలెనని చట్టము. పనివా రొకని నెన్నుకొన్నారా, యజమానుఁడు వానిని పనిలోనుండి తీసివేయును. తీసివేసినంతనే వాఁ డా గనిలోఁ బనిచేయువాఁడు గాకపోవును. కావున తూనికదారుఁడుగా నుండ ననర్హుఁడు. విధిని విధిలోని విశేషణమే చంపిన యీ విధము శాబ్దికులకు వినోదముగాఁ దోఁపవచ్చును గాని, అడుగున బొగ్గు కొట్టువానికి అది యాలుబిడ్డల కూటికి సంబంధించిన సంగతి. సంఘములు ఒక్కొక్క గనివిషయమునను న్యాయస్థానముల కెక్కవలసివచ్చెను. 1872 చట్టమును దాఁటి 1887 చట్టము వచ్చువఱకు నీ చిక్కు పూర్తిగా విడలేదు. 1887లో మూఁడు మార్పులు జరిగెను: కొట్టినంతకుఁ గూలి గలచోట తూకమునుబట్టియే చెల్లింపవలెను, తూనికదారుఁ డా గనిపనివాఁడు గానక్కఱలేదు, అధికసంఖ్యాకు లెన్నుకొన్నచో అతని వేతనమునకు అందఱును తమ భాగ మియ్యవలెను.

ఈ తూనికదారుని పదవినుండి యనుకొనని ఫలమొకటి కలిగెను. గనిలో నున్నవారిలో యజమానుని దయమీఁద నాధారపడక బ్రదుకువాఁ డతఁ డొక్కఁడే. చదువు, లెక్కలు, నిర్భయత్వము గలవానినే పనివా రెన్నుకొనుచుండిరి. కావున గనివారి నాయకులు పెక్కురు ఈ పదవినుండియే వచ్చిరి. దక్షిణయార్కుషైరు సంఘమునకు కార్యదర్శియైన జాను నార్మన్సెలును, 1926 నాఁటి మహాసంఘర్షణమున నధ్యక్షుఁడైన హెర్బర్టు స్మిత్తును మొదట తూనికదారులే. హెప్బరనును ఒంటరిని చేసి యణఁచినట్లు వీరి నణఁచుట సాధ్యము గాదు. ఏలయన వీరికి కూడు పెట్టునది యజమానుఁడు గాఁడు.

తూకపు పోరాటము నడచుచున్న యాకాలముననే ప్రాణరక్షయు చట్టమునకు విషయమయ్యెను. 1862 జనవరిలో నార్తంబర్లండునందలి హార్ట్లీ గనిలో నీరు తోడు యంత్రపు ఇనుపదూల మొకటి విఱిగి బావిలోఁ బడెను. ఆ గనికి రెండవబావి లేదు. ఇన్నూటనలుగురు పురుషులును బాలురును మరణించిరి. ఏ గనికైనను రెండుబావు లుండవలెనని ఆ యేఁడే చట్టము వచ్చెను. ఇంటికి పెరటిద్వార ముండవలెనని యెఱుఁగనివా రెవరు? గనికి మాత్రము దానిని విధించుటకు ఇన్నూటనలుగురి ప్రాణములు వెల యయ్యెను.

5. కాలము, కూలి

1889లో న్యూపోర్టున గ్రేటుబ్రిటను గనివారి సమాఖ్య స్థాపింపఁబడెను. ఎనిమిదిగంటల పనిదినము దాని ముఖ్యాశయము. 1893లో యజమానులు కూలిని తగ్గింపఁబూని గనులు మూసివేయఁగా లక్షలకొలఁదిగా పనివారు పస్తులుండిరి. సెప్టెంబరులో ఫెదర్‌స్టనునందు సైనికులు కాల్చిన తుపాకులకు ఇరువురు మరణించిరి. నవంబరులో రోజుబరీ ప్రభువు మధ్యవర్తిత్వమున గనులు పూర్వపుకూలికే తెఱవఁబడెను.

ఎనిమిదిగంటల చట్టము మాత్రము 1908 వఱకు రాలేదు. దానికి యజమానుల విరోధ మొక్కటియే కారణము గాదు. నార్తంబర్లండు, డర్హాము సీమలలో బొగ్గు కొట్టువారు అప్పటికే ఎనిమిదిగంటలకు లోపుగనే పనిచేయుచుండిరి. వారి బొగ్గు నీడ్చు బాలురు మాత్రము పదిగంటలు లోపల నుండిరి. బాలుర కాలము తగ్గించినచోఁ దమ వరుసలు చెడునని యా సీమల నాయకులే చట్టము నెదిరించిరి. చట్టము వచ్చినపుడును ఎనిమిదిగంట లనఁగా నెన్ని గంటలో నిర్ణయింపవలసియుండెను. వరుసలో కడపటివాఁడు దిగినది మొదలు, మొదటివాఁడు పైకి రాఁ దొడఁగువఱకు గల కాలమే లెక్కకు వచ్చును. దిగుటయు నెక్కుటయుఁ బట్టు కాలమున నొక భాగము లెక్కకు రాదు. కావున చట్టమున నెనిమిదిగంట లన్నది గనివాని దేహమునకు అంతకుఁ బైమాటయే.

కూలివిషయమునను ఇట్టిదే జరిగెను. బొగ్గుపొర సన్నగిల్లినచోట, రాయి యడ్డుపడినచోట, నీరు కాఱుచోట ఎంతటి బలశాలియైనను ఎక్కువ కొట్టలేఁడు. అచటఁ గూలి యెట్లనుటయే 1910లో దక్షిణవేల్సునందలి టోనీపాండీ కలహమునకు మూలము. 1912 మార్చిలో సుమారు పదిలక్షల గనివారు దేశమంతట నొక్కమాఱుగా పని నిలిపిరి. పెద్దవారికి దినమునకు అయిదు షిల్లింగులు, బాలురకు రెండు షిల్లింగులు కనీసమని వారి కోరిక. ఆ నెలలోనే కనీసవేతనచట్టము వచ్చెను. అందు కనీసవేతన మను పదము చేరినది గాని, అయిదును రెండును అను నంకెలు చేరలేదు. ఏ సీమకా సీమ మండలులు నిర్ణయింపవలెనని విడిచిపెట్టిరి. మఱుసటియేఁడు అక్టోబరులో వేల్సునందలి సెంఘెనిద్దు గనిలో బొగ్గుపొడి మండి నన్నూటముప్పదితొమ్మండుగురు గనివారు మరణించిరి. క్షేమనియమములు పాటింపనందులకు గని మేనేజరునకు న్యాయస్థానము విధించిన యపరాధము ఇరువదినాలుగు పౌనులు.

మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో పనిదిన మేడుగంటల కయ్యెను. 1926లో కూలి తగ్గించి కాలము పెంపవలెనని యజమానులు పట్టుపట్టి మే మొదటితేదిని గనులు మూసిరి. ఇతరవృత్తులవారు సానుభూతితోఁ జేసిన సార్వత్రికపు సమ్మె తొమ్మిదిదినములలో ముగిసెను. గనివారు మాత్రము ఏడునెలలు పస్తులుండి, నవంబరు చివర నోడి దిగివచ్చిరి. ఆ జూలైలోనే ఏడుగంటల చట్టమునుండి మినహాయింపు నిచ్చు మఱియొక చట్టము పార్లమెంటునఁ బుట్టెను. ఏడేండ్లక్రితము వ్రాసిన యుత్సర్గమునకు మఱల నపవాదము!

1947 జనవరి 1వ తేదిని గనులు ప్రభుత్వపరమయ్యెను. అనేకులు దీనితోఁ జరిత్రము ముగిసిన దనుకొనిరి. కాని గని యుండవలెనా, మూయవలెనా యని నిర్ణయించు నధికారము పనివాని చేతికి రాలేదు. గనుల మూసివేఁతకు విరోధముగ 1984 మార్చిలోఁ బ్రారంభమైన సమ్మె యేఁడాది నడచి 1985 మార్చిలో ఓటమితో ముగిసెను. లోఁతుబావిగనులలోఁ గడపటిదైన కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూఁతపడెను.

6. భారతదేశము, ఫలితార్థము

ఈ చరిత్రము తెలుగువారికి దవ్వుది గాదు. నిజాము రాజ్యమున గనులు త్రవ్వుటకై 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ లండనులోనే యేర్పడినది. ఇల్లెందు ప్రాంతమున 1889లో త్రవ్వకము మొదలిడినది. సింగరేణి కంపెనీ 1920లోఁ బుట్టినది దానినుండియే. అచటి పల్లెలలో బొగ్గుబాయి యను మాట ఇంటిపనిముట్ల పేళ్లవలె వాడుకలోనిది. బ్రిటిషు పార్లమెంటునఁ బుట్టిన విధుల ఛాయలు భారతదేశపు గనిచట్టములయందుఁ గనఁబడును. స్త్రీలను గనిలోపలిపనినుండి క్రమముగా తొలఁగించు నియమము బ్రిటిషిండియాలో 1929లో వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున బొగ్గు కొఱఁతపడఁగా 1943లో ఆ నిషేధమును ఎత్తివేసి స్త్రీలను మఱల గనిలోనికి దింపిరి. అవసరము తీఱఁగా 1946లో మఱల నిషేధించిరి. కావున ఆ నియమము స్త్రీక్షేమమునుబట్టి కాక బొగ్గునుబట్టి ప్రవర్తించినదని యెవరైన ననినచో బదులు చెప్పుట కష్టము. స్వతంత్రభారతమున 1952 గనిచట్టము లోపలిపనికి దినమున కెనిమిదిగంటలను పరిమితిగా విధించెను. స్త్రీలు కొన్ని నియమములతో లోపలిపని చేయుటకు 2019లో అనుమతి కలిగెను.

ఇంతవఱకుఁ జూపిన నిదర్శనములనుబట్టి మూఁ డంశములు తేలుచున్నవి. మొదటిది: గనివారికి హక్కు నిచ్చిన చట్టములలో బెక్కింటియందు ఆ హక్కును నిష్ఫలము చేయు పద మొకటి చేరియుండెను. 1775లో నది షెరీఫు తీర్పు. 1860లో గనిలోఁ బనిచేయువాఁ డను విశేషణము. 1908లో గంటల లెక్క. 1912లో వ్రాయని యంకె. రెండవది: ఆ పదమును గుర్తించి తొలఁగింపించినది చట్టము చేసినవారి దయ గాదు, దానివలన నష్టపడినవారి సంఘబలము. సంఘము విఱిగిన 1832, 1844, 1926 సంవత్సరముల పిమ్మట అపవాదము బలపడుటయు, సంఘము నిలిచిన 1872, 1887 సంవత్సరములయందు నది తొలఁగుటయు దీనికి సాక్ష్యము. మూఁడవది: సంఘమున్నంతమాత్రమున న్యాయము పూర్తి గాదు. బాలురవిషయమునను స్త్రీలవిషయమునను సంఘములే యపవాదములను కోరినవి.

వ్యాకరణమున అపవాదమును వ్రాసినవాఁడు దానికి హేతువు చూపవలెను. హేతువు లేనిచో నుత్సర్గమే నిలుచును. మనుష్యధర్మమునకును ఈ నియమ మావశ్యకము. ఎల్లవారికిని వర్తించునది యీ పనివానికేల వర్తింపదని యడుగఁబడినపుడు చెప్పవలసినవాఁడు అడిగినవాఁడు గాఁడు, అపవాదమును కోరినవాఁడు. బ్రిటను గనివా రా ప్రశ్నను అడుగుట మానని కాలమంతయు నేదో యొక మేలు పొందిరి. వారు తొలఁగించిన అపవాదములు నేఁటికిని పనిచట్టములయందు వేఱు వేఱు పేళ్లతో వచ్చుచుండుటచే, ఆ చట్టములను చదువువారు విధికంటె ముందుగ దాని విశేషణములను పరీక్షించుట మేలు.